పాతరలో మూలుగు

బాలాజి కొట్టిన దెబ్బకి మాయాండి తల వెనక్కి వెళ్లి రాతి స్తంభానికి తగిలింది. పెదవి చిట్లి రక్తం చొక్కా మీద పడింది. చేతులు రెండూ స్తంభం వెనక కట్టేసి ఉండడంతో తుడుచుకోవడానికి లేదు.

"ఇందాక ఒప్పుకున్నావు. ఇప్పుడు మాట మారుస్తావా?" అన్నాడు బాలాజి. "సుత్తి నీది. పెద్దాయనతో గొడవపడిందీ నువ్వే. మరి చంపింది ఎవరు, నేనా?"

"దెబ్బలు తాళలేక ఒప్పుకున్నాను సామీ. నేను చంపలేదు."

బాలాజి మళ్లీ చెయ్యి ఎత్తాడు. అది కిందికి రాలేదు. వెనకనుంచి ఎవరో చిటికెన వేలు పట్టుకుని వెనక్కి వంచారు. అతను కేక వేసి మోకాళ్ల మీద పడ్డాడు.

"ఇంకొంచెం వంచితే విరుగుతుంది. వంచమంటావా?" అంది యోగలక్ష్మి.

ఆమె ఆరేళ్లు పోలీసు ఉద్యోగం చేసి మానేసింది. ఇప్పుడు ధర్మపురి బస్టాండు వెనక ఒక గదిలో డిటెక్టివ్ ఆఫీసు నడుపుతోంది. ఉదయం మాయాండి పెళ్లాం మూకాయి ఫోన్ చేసి, "అక్కా, నా మొగుణ్ణి కొట్టి చంపేస్తా ఉండారు, రా" అని ఏడ్చింది. స్కూటర్ ఎక్కి పాపారపట్టి దాటి ఇక్కడికి వచ్చేసరికి ఇదీ కనిపించిన దృశ్యం.

"వదలమ్మా, వదులు. ఆయన మన గెస్టు," అంటూ హోటలు యజమాని ధర్మరాజ్ పరిగెత్తుకొచ్చాడు.

ఈ లోగిలి ఒకప్పుడు పాళెగారిది. ధర్మరాజ్ దాన్ని కొని, కూలిన గోడలు లేపించి, పాత పద్ధతిలోనే సున్నం పూయించి హోటలు చేశాడు. ధాన్యపు కొట్టు భోజనశాల అయింది. పాళెగారి గదుల్లో అతిథులుంటారు. వాళ్లిప్పుడు నిలబడిన గుర్రాల సాల ఒక్కటే ఇంకా బాగుచేయాల్సి ఉంది. ఆ పని చేస్తున్న మేస్త్రి మాయాండే.

నాలుగు రోజులు సెలవు గడుపుదామని వచ్చిన అన్నామలై అనే కారిమంగళం రిటైర్డ్ హెడ్‌మాస్టర్ ఈ ఉదయం పెరట్లో, నేలలోకి తవ్విన రాగుల పాతరలో శవమై కనిపించాడు. పక్కన రక్తం అంటిన మాయాండి సుత్తి ఉంది. నల్లంపల్లి దగ్గర లారీ బోల్తాపడి దారి మూసుకుపోవడంతో, అటు వెళ్లి చిక్కుకున్న పోలీసులు ఇంకా రాలేదు. ఇంతలో బాలాజి ముందుకొచ్చాడు. అతను కూడా అతిథే. బెంగళూరులో డిటెక్టివ్‌నని, సెలవుకి వచ్చానని చెప్పుకున్నాడు. ధర్మరాజ్ కంగారులో అతనికే అంతా అప్పగించేశాడు.

"కేసు అయిపోయింది మేడమ్," అన్నాడు బాలాజి వేలు రుద్దుకుంటూ. "వాడు ఒప్పుకున్నది నా ఫోన్‌లో వీడియో ఉంది. పోలీసులు రాగానే ఇచ్చేస్తాను. మీరు శ్రమపడి వచ్చారు, టిఫిన్ తిని వెళ్లండి."

"తింటాను. ముందు ఇతనితో ఒంటరిగా మాట్లాడాలి."

"ఎందుకు? ఏం చెప్పాలో నేర్పించడానికా?"

"నువ్వు కొట్టి నేర్పించినావు. నేను కొట్టకుండా అడుగుతాను. తేడా చూద్దాం."

ధర్మరాజ్ ఇద్దరి మధ్యా నిలబడి చేతులు జోడించాడు. చివరికి బాలాజిని భుజం పట్టుకుని బయటికి తీసుకెళ్లాడు. సాల తలుపు పక్కన నిలబడ్డ మూకాయి గబగబా లోపలికొచ్చి కొంగుతో మొగుడి మొహం తుడిచింది.

"సుత్తి యాడ పెట్టినావు?" అని అడిగింది యోగలక్ష్మి.

"సున్నం తొట్టి కాడక్కా. నిన్న సాయంత్రం ముందరి వాకిట్లో కూత్తు, అదే వీధి నాటకం, పెట్టినారు. గెస్టులూ పనోళ్లూ అందరూ ఆడనే ఉండారు. నేనూ పోయినాను. ఎవురు తీసుకున్నారో!"

"పెద్దాయనతో గొడవ?"

"ఆయప్ప కుర్చీ మీద సున్నం దుమ్ము పడింది. తిట్టినాడు. నేనూ నోరు జారినాను. అప్పుడే మర్చిపోయినాడు. సాయంత్రం పిలిచి టీ తాగించి, నీ బిడ్డ ఏం చదవతా ఉందిరా అని అడిగినాడు. అట్లాంటాయన్ని నేనేంటికి చంపుతాను?"

యోగలక్ష్మి గొంతు తగ్గించింది. "ఆ పాతర మూత తీసినాక చెడుగాలి పోయేదాకా కాచుకోవాలా?"

"అక్కర్లేదక్కా. లోపల చెడుగాలి నిలవదు. అడుగు నుంచి ఈ సాల వెనక్కి పైపు ఏసినాను. పాతకాలందిగా కనపడాల అని అయ్య చెప్తే, పైపు నోటికి కుండ బోర్లించినాను. మా పనోళ్లు రోజూ ఊరికే దిగి ఎక్కతా ఉంటారు."

"గెస్టులకి తెలుసా?"

"తెలీదు. చెప్పొద్దన్నాడు అయ్య."

ఆమె లేచింది. "మూకాయీ, నువ్వు ఈ సాల విడిచి పోవద్దు. ఎవరొచ్చినా కేకెయ్యి."

పెరట్లో పాతర పక్కనే అన్నామలై శవాన్ని చాప మీద పడుకోబెట్టి దుప్పటి కప్పారు. పైకి తీసినప్పుడు ప్రాణం ఉందేమోనని ఆశపడ్డారట. తరవాత బాలాజి చెప్పాడని పాతరకి మళ్లీ బండ మూసేశారు.

యోగలక్ష్మి దుప్పటి తొలగించింది. హోటలు మేనేజర్ సరణ్య మొహం పక్కకి తిప్పుకుంది.

తల వెనక ఒక దెబ్బ ఉంది. చర్మం చీలిందిగాని ఎముక లోపలికి పోలేదు. నుదుటి మీద ఇంకో రెండు దెబ్బలున్నాయి. అక్కడ ఎముక నుజ్జయింది. ఒక కన్ను పూర్తిగా పోయింది. చొక్కా ముందు భాగమంతా ఎండిన రక్తం. ఆ రక్తం మీద మూడు చోట్ల గుండ్రటి జిడ్డు మరకలున్నాయి. ఆమె వేలితో తాకి వాసన చూసింది. నువ్వుల నూనె.

"సరణ్యా, ఇక్కడ నువ్వుల నూనె దేనికి వాడతారు?"

"సాయంత్రం వరండా అంచున మట్టి దీపాలు పెడతాం మేడమ్. ఈ పొద్దున వరసలో ఒకటి తక్కువైంది. పిల్లలు ఎవరో తీసుకున్నారేమో అనుకున్నాను."

"మాస్టారు నిన్న ఎట్లా ఉన్నారు?"

"బాగానే ఉన్నారు. భోజనాల దగ్గర అందరి మొహాలూ తేరిపార చూస్తూ కూర్చున్నారు. ఏంటి సార్ అంటే, నా క్లాసులో కూర్చున్నవాడు గడ్డం పెంచినా, పేరు మార్చినా గుర్తుపడతాను అని నవ్వారు."

"ముసలివాళ్లు అలాగే అంటారు," అన్నాడు బాలాజి వెనకనుంచి. అతను ఎప్పుడు వచ్చాడో తెలియలేదు.

"గెస్టులకి పాతర చూపించేటప్పుడు ఏం చెబుతావు?" అంది యోగలక్ష్మి, అతని వైపు చూడకుండా.

"పాళెగారి కాలంలో రాగులు దాచేవాళ్లని చెబుతాను. లోపల కొన్ని రాగులు కూడా పోయించాం, చూడ్డానికి. మొన్నటి వానకి తడిసి పులిసిపోయాయి."

"గాలి చెడుతుందని చెప్పవా?"

"భయపడి ఎవరూ దగ్గరికి రారని సార్ చెప్పొద్దన్నారు."

"మీరు ఎప్పుడైనా పాతర చూశారా, బాలాజి గారూ?"

"నేను బెంగళూరులో పుట్టి పెరిగాను మేడమ్. ఇలాంటి గొయ్యి జన్మలో చూడలేదు."

"అయితే చూద్దురుగాని. బండ తీయించండి అయ్యా."

ఇద్దరు పనివాళ్లు గడ్డపారలు దోపి బండని పక్కకి జరిపారు. పులిసిన రాగుల వాసన గుప్పున వచ్చింది. సరణ్య ముక్కు మూసుకునే లోపలికి తొంగి చూసింది. ధర్మరాజ్ అంచు మీద చెయ్యి పెట్టి వంగాడు. బాలాజి మాత్రం మొహం పక్కకి తిప్పి, గాలి వీస్తున్న వైపుకి రెండడుగులు జరిగి నిలబడ్డాడు. కాసేపు ఊపిరి తీసుకోలేదు. యోగలక్ష్మి పాతర వైపు చూడడం లేదు. అతన్నే చూస్తోంది.

ఆమె వంగి పాతర మెడ పరిశీలించింది. కొత్తగా వేసిన తెల్ల సున్నం మీద పొడుగ్గా నల్లటి మసి చార కిందికి దిగింది. అంచున ఉన్న ఇనుప కడియంలో పసుప్పచ్చ దారపు పోగులు ఇరుక్కుని ఉన్నాయి. హోటలు గదుల్లో కర్టెన్లు కట్టే తాడు కూడా అదే రంగు.

"జరిగింది వినండి," అంది నిటారుగా నిలబడి. "వాకిట్లో కూత్తు డప్పులు మోగుతున్నాయి. ఇక్కడ మాస్టారి తల మీద వెనకనుంచి ఒక దెబ్బ పడింది. పాతరలోకి తోసేశారు. కానీ ఆయన చావలేదు. కింద మూలుగుతున్నాడు. కాబట్టి హంతకుడు కిందికి దిగాల్సి వచ్చింది. దిగి మొహం మీద ఇంకో రెండు దెబ్బలు వేశాడు. దిగే ముందు ఏం చేశాడో తెలుసా? వరండాలో దీపం తెచ్చి, కర్టెన్ తాడుకి కట్టి, లోపలికి దింపి చూశాడు. ఆ నూనె మాస్టారి రక్తం మీద పడింది."

"వెలుగు కోసం," అన్నాడు బాలాజి వెంటనే.

"వెలుగు కోసమైతే సెల్‌ఫోన్ ఉంది. చేత్తో దీపం పట్టుకుని దిగినా సరిపోతుంది. తాడు కట్టి దింపేది ఒక్కందుకే. చెడుగాలి ఉంటే దీపం ఆరిపోతుంది, దిగిన మనిషీ పోతాడు. మా ఇంట్లోనూ పాతర ఉండేది. దీపం దింపకుండా మా అవ్వ మమ్మల్ని దగ్గరికి రానిచ్చేది కాదు." ఆమె మసి చార వైపు చూపించింది. "కింద మనిషి మూలుగుతున్నాడంటే ఊపిరి ఆడుతున్నట్టే కదా. అయినా దీపం దింపాడు. అంత భయం పాతర చావు కళ్లారా చూసినవాడికే ఉంటుంది."

ధర్మరాజ్ మొహం పాలిపోయింది. "అట్లయితే... ఈ ఊళ్లలో పుట్టినోడే."

బాలాజి చప్పట్లు కొట్టాడు. "భలే! మాయాండి ఈ ఊరివాడే కదా? నా దగ్గర వీడియో ఒక్కటే ఉండింది. మీరు సాక్ష్యం కూడా తెచ్చిచ్చారు. మూకాయి మీకెంత ఇస్తానంది మేడమ్? తిరిగి ఇచ్చేయండి పాపం."

పనివాళ్లలో ఒకడు నవ్వబోయి ఆపుకున్నాడు. ధర్మరాజ్ ఏదో అనబోతూ నోరు తెరిచాడు. అతనికి పైపు గుర్తొచ్చిందని యోగలక్ష్మికి అర్థమైంది. కళ్లతోనే వద్దంది. పైపు వేసినవాడు దీపం దింపడు. కానీ ఆ మాట పోలీసుల ముందే చెప్పాలి. అంతకుముందు ఆ దీపం చేతికి దొరకాలి.

"నేను దిగుతాను. మీరు ఇక్కడే ఉండండి అయ్యా," అంది ధర్మరాజ్‌తో.

వరండాలోని అగ్గిపెట్టె జేబులో వేసుకుని, పనివాళ్లు దింపిన ఇనుప నిచ్చెన మీదుగా దిగింది. పాతర మెడ ఇరుగ్గా ఉంది. లోపల కుండలా వెడల్పుగా ఉంది. లోతు రెండు నిలువులు ఉంటుంది. నేలంతా రక్తం ఆరీ ఆరక చెప్పులకి అతుక్కుంటోంది. గోడ మీద మోకాలి ఎత్తున రక్తం చిమ్మిన చుక్కలున్నాయి. మాస్టారు కింద పడుకుని ఉండగానే కొట్టాడన్నమాట. ఒక మూల తడి రాగులు కుప్పగా ఉన్నాయి. వాటిపైన గోడలో పిడికిలంత రంధ్రం. ఆమె అగ్గిపుల్ల గీసి దాని దగ్గర పెట్టింది. మంట ఒక పక్కకి వాలింది. గాలి వస్తోంది.

రాగుల్లో చేతులు పెట్టి వెతికింది. మట్టి దీపం దొరికింది. పగిలింది కానీ తాడు ఇంకా దానికే ఉంది. మూడు పేటలు తీసి, తక్కెడ పళ్లానికి కట్టినట్టు కట్టాడు. అచ్చంగా అవ్వ కట్టినట్టే.

అప్పుడే గేటు వైపు అద్దాలు పగిలిన చప్పుడు వినిపించింది. జనం కేకలు. పైన సరణ్య అరిచింది. "సార్! కారిమంగళం నుంచి మాస్టారి స్టూడెంట్లు వచ్చేశారు! రాళ్లు విసురుతున్నారు! మాయాండిని ఇమ్మంటున్నారు! ఎవరో వాళ్లకి ఆ వీడియో పంపించారంట!"

ధర్మరాజ్, పనివాళ్లు గేటు వైపు పరిగెత్తారు. యోగలక్ష్మి దీపం చంకలో పెట్టుకుని నిచ్చెన ఎక్కసాగింది. పైన వెలుతురులో ఒక తల కనిపించింది. లోపలి గాలి తగలకుండా అది పక్కకి తిరిగి ఉంది.

"దొరికిందా?" అన్నాడు బాలాజి.

ఆమె ఇంకో మెట్టు ఎక్కింది. గడ్డపార ఆమె ఎడమ చేతి వేళ్ల మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఆమెకే వినిపించింది. ఒంటి చేత్తో నిచ్చెన పట్టుకుని వేలాడింది. రెండో పోటు భుజానికి తగిలింది. ఆమె వెల్లకిలా రక్తపు నేల మీద పడింది. జేబులో ఫోన్ పగిలింది. నిచ్చెన పైకి వెళ్లిపోయింది.

"మా నాయన ఇట్లాంటి దాంట్లోనే పోయినాడు," అన్నాడు బాలాజి పైనుంచి. గొంతు మారిపోయింది. బెంగళూరు మాట ఎక్కడా లేదు. "నాకప్పుడు ఎనిమిదేళ్లు. నేనే మూత తీసినాను. దీపం దింపకుండానే దిగినాడు. నేను పైనుంచి చూస్తానే ఉండాను."

"నీ పేరు?"

"మాదేష్. కారిమంగళం సంతలో ఒకణ్ణి పొడిచి పారిపోయినాను. అందరూ చచ్చిపోయినాననుకున్నారు. ఆ ముసలాయన మటుకు నిన్న సాయంత్రం నా చెవి పట్టుకుని, ఏం మాదేషూ, బతికే ఉండావా అన్నాడు. నవ్వతా అన్నాడు. పోలీసుల దగ్గరికి నేనే తోడు వస్తాను, లొంగిపో అన్నాడు."

"మాయాండి నీకేం చేశాడు?"

"ఏమీ చేయలేదు. వాళ్లు వాణ్ణి చంపేస్తే ఇంక ఎవురూ ఎవుర్నీ వెతకరు. నువ్వా, సాక్ష్యం కోసం దిగి గాలి చెడి పోయినావు. చెప్పినా వినలేదు అంటాను."

గడ్డపారతో తోసిన బండ పాతర అంచుకి రాసుకుంటూ జరిగింది. వెలుతురు సన్నబడి, గీత అయి, ఆరిపోయింది.

యోగలక్ష్మి చీకట్లో పాకింది. విరిగిన వేళ్లని కడుపుకి అదుముకుని, రాగుల కుప్ప ఎక్కి రంధ్రానికి నోరు ఆనించింది.

"మూకాయీ!"

జవాబు లేదు. దూరంగా జనం కేకలు పైపులోంచి సన్నగా వస్తున్నాయి.

"మూకాయీ! సాల వెనక కుండ తీసి చూడు!"

రాతి మీద మట్టి కుండ దొర్లిన చప్పుడయింది. "అక్కా? ఎవురు? అక్కా, యాడుండావు?"

"పాతరలో. ఏడవద్దు, విను. కట్లు కొయ్యి. ముందు గేటుకి పోవద్దు. వెనక గోడ దాటించి మామిడి తోపులోకి తీసుకుపో. రోడ్డు మీద పోలీసు జీపు కనపడితే అడ్డం పడు. బాలాజి అసలు పేరు మాదేష్, చంపింది వాడే అని చెప్పు. పేరు మరిచిపోతావా?"

"మరవను. మాదేష్. మరి నువ్వు?"

"నాకు గాలి ఉంది. పో!"

అడుగులు పరిగెత్తాయి. సాలలో ఏదో తెగిన చప్పుడు. మాయాండి మూలుగు. మూకాయి ఏదో తిట్టి లేపుతోంది. తరవాత గోడ మీంచి రాళ్లు జారిపడ్డాయి. ఆపైన ఏమీ లేదు. యోగలక్ష్మి కళ్లు మూసుకుంది. మాయాండి తప్పించుకున్నాడు. ఇప్పుడు చేతి నొప్పి మొదలైంది. పళ్లు కరుచుకుని, పైపులోంచి వచ్చే గాలికి మొహం పెట్టి కూర్చుంది.

కాసేపటికి సాల తలుపు తన్నిన చప్పుడు వినిపించింది. ఎవరో పరుగున లోపలికి వచ్చారు. ఖాళీ స్తంభం చుట్టూ తిరిగారు. బూతు మాట. ఆ అడుగులు నెమ్మదిగా సాల వెనక్కి, పక్కకి దొర్లి ఉన్న కుండ వైపుకి వచ్చాయి.

ఆమె ఊపిరి బిగబట్టింది.

"ఓహో," అంది ఒక గొంతు, సరిగ్గా ఆమె చెవి పక్కన. "గాలి ఈడినుంచి వస్తా ఉందా అక్కా?"

పార నేలని గీకింది. సున్నం తొట్టిలోంచి తడి సున్నం తీసే చప్పుడు. థప్. మళ్లీ థప్. తడి ముద్ద ఒకటి పైపులో జారి ఆమె చెంప మీద పడి మండింది. జనం కేకలు మాసిపోయాయి. అతని మాట కూడా మాసిపోయింది.

యోగలక్ష్మి కుడి చేత్తో అగ్గిపెట్టె తెరిచింది. ఒక్క పుల్ల తీసి, మోకాలికి పెట్టె ఆనించి గీసింది. ఇందాక పక్కకి వాలిన మంట ఇప్పుడు కదలకుండా నిటారుగా నిలబడింది.

ఆమె దాన్ని వెంటనే ఊదేసింది. ఉన్న గాలి తనకే కావాలి.